గ్రానైట్ అని పిలిచినంత మాత్రాన అగ్నిశిల అవుతుందా?

సందేహం: మా టెక్కలి చుట్టుపక్కల క్వారీల్లో తీసే నీలిరాయిని అందరం గ్రానైటే అంటాం. పుస్తకంలో గ్రానైట్ అగ్నిశిల అని ఉంది. మా రాయిలో మాత్రం అలల్లాంటి చారలు, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు ఉన్నాయి. భూగర్భశాస్త్రం చదివే కుర్రాడొకడు చూసి ఇది రూపాంతర శిల అన్నాడు. బడిలో రాళ్లు పేర్చి చీటీలు అంటిస్తున్నాం. ఏమని రాయాలి? 'లావా చల్లారి గ్రానైట్ అవుతుంది', 'రాళ్లు వేడికి కరిగి రూపాంతర శిలలవుతాయి' అని పిల్లలు రాస్తే ఒప్పుకోవచ్చా? 'రాయి గోడ', 'రాతి గోడ'ల్లో ఏది సరి? (టెక్కలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

సమాధానం: పిల్లలు రాసిన రెండు వాక్యాలూ తప్పే. ఆ తప్పులు దిద్దితే మీ చీటీ సంగతి కూడా చాలావరకు తేలిపోతుంది.

నేల లోపల ఉన్నంతవరకు అది శిలాద్రవం, పైకి పొంగి వచ్చాకే లావా. గ్రానైట్ కిలోమీటర్ల లోతున, చాలా నెమ్మదిగా చల్లారిన శిలాద్రవం. తీరిగ్గా చల్లారింది కాబట్టే దాని స్ఫటికాలు కంటికి ఆనేంత పెద్దవయ్యాయి. అదే ద్రవం పైకి వచ్చి చప్పున చల్లారితే సన్నటి కణాల రయోలైట్ అవుతుంది, గ్రానైట్ కాదు. లావా చల్లారి ఏర్పడే నల్లరాయి బసాల్ట్ ఊసు వేరు. దానిలో సిలికా 45 నుంచి 52 శాతమే, గ్రానైట్‌లో 70 శాతం దాకా ఉంటుంది. కాబట్టి 'శిలాద్రవం భూమి లోపల నెమ్మదిగా గడ్డకట్టి గ్రానైట్ అవుతుంది' అని రాయించండి.

రెండో వాక్యంలో తప్పు 'కరిగి' అన్న మాటలో ఉంది. కరిగి మళ్లీ గడ్డకడితే అది అగ్నిశిలే. రాయి గట్టిగా ఉండగానే, వేడికీ ఒత్తిడికీ లోపలి ఖనిజాలు మారి, కొత్త వరసలో కుదురుకుంటే రూపాంతర శిల ఏర్పడుతుంది. ఈ మార్పు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలవుతుంది. మన తూర్పు కనుమల రాళ్లు 800 డిగ్రీలు దాటిన వేడిని చూశాయి. అంత వేడిలో కొంత భాగం కరిగి, కొంత కరగకుండా మిగిలి, రెండూ కలిసిపోయిన రాయి కూడా ఉంటుంది. దాన్ని మిగ్మటైట్ అంటారు. పుస్తకంలోని మూడు గదుల్లో (అగ్నిశిల, అవక్షేప శిల, రూపాంతర శిల) దేనిలోనూ అది సరిగ్గా ఇమడదు, ఇమడ్చాలని పిల్లల్ని ఇబ్బంది పెట్టవద్దు.

ఇక్కడ పనికొచ్చే మంచి ఉదాహరణ ఖోండలైట్. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో విరివిగా కనిపించే రాయి ఇది. ఖోండ్ గిరిజనుల పేరు మీద 1902లో భూగర్భశాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ ఆ పేరు పెట్టారు. కొత్తగా పగలగొట్టిన ముక్కను ఎండలో తిప్పి చూడండి: ఎర్రటి గార్నెట్ గింజలు, సన్నటి పుల్లల్లాంటి సిల్లిమనైట్, పలుగురాయి, ఫెల్‌స్పార్, అక్కడక్కడ వేలికి నల్లగా అంటుకునే గ్రాఫైట్. అల్యూమినియం ఎక్కువున్న ఖనిజమైన సిల్లిమనైట్ అంత ఉందంటే ఇది ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి. ఆ మట్టిలోని కర్బనమే గ్రాఫైట్ అయింది. అవక్షేపంగా పుట్టి, వంద కోట్ల ఏళ్ల నాడు లోతుకు దిగి మారింది. అయినా దాన్ని అవక్షేప శిల అనం, ఎందుకంటే శిల పేరు చివరిసారి దానికి జరిగిన దాన్నిబట్టి నిర్ణయమవుతుంది.

మీ నీలిరాయికీ ఇదే వర్తిస్తుంది. చారలూ, ఒకే దిశకు వాలిన ఫెల్‌స్పార్లూ, గార్నెట్ చుక్కలూ ఉంటే అది నైస్ అనే రూపాంతర శిల. మొదట గ్రానైట్‌గానే గడ్డకట్టి తర్వాత మారిందైతే 'గ్రానైట్ నైస్' అనాలి. చారలు, వరసలు లేకుండా కణాలు ఎటుబడితే అటు ఉంటేనే ఉత్త గ్రానైట్. వ్యాపారంలో మాత్రం కోసి పాలిష్ పట్టడానికి పనికొచ్చే గట్టి రాయి ప్రతిదీ గ్రానైటే, చార్నోకైట్ అనే ముదురు రంగు రాయి సైతం. బిల్లులో ఆ మాట తప్పు కాదు, కొనేవాడికీ అమ్మేవాడికీ అర్థమైతే చాలు. బడి చీటీ మీద 'వాడుక పేరు: నీలి గ్రానైట్, శిల: నైస్, తరగతి: రూపాంతర శిల' అని మూడు వరసల్లో రాయండి.

అయితే పాలిష్ పలకను చూసి ఈ నిర్ణయానికి రావద్దు. అందులో ఒక్క ముఖమే కనిపిస్తుంది. ఎండకూ వానకూ పాడైన పై పొరను చూసీ చెప్పవద్దు. ఖోండలైట్ పైన ఇటుక రంగులో మెత్తబడి ఉంటుంది, అందులోని ఫెల్‌స్పార్ తెల్లటి మట్టిగా మారిపోతుంది.  కళ్లకు రక్షణ కళ్లజోడు పెట్టుకుని, సుత్తితో తాజా ముఖం తీసి, నీళ్లతో తడిపి, పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో మూడు వైపులా చూడాలి. చారలు ఒక వైపు నుంచి చూస్తే కనిపించకుండా పోవడం మామూలే.

తెల్లరాళ్ల దగ్గర పిల్లలు ఎక్కువగా పొరపడతారు. పాలరాయీ పలుగురాయీ తెల్లగానే ఉంటాయి. చాకు మొనతో గీస్తే పాలరాయి మీద గీత పడుతుంది. పలుగురాయి మీద పడదు, పైగా చాకు ఉక్కు నల్లటి గీతగా దానికి అంటుకుంటుంది. దాన్ని రాయి గీసుకుందని పొరబడకుండా తడి గుడ్డతో తుడిచి చూడాలి. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే పాలరాయి బుసబుస పొంగుతుంది. పాలరాయిని పోలిన డోలమైట్ అయితే ఉన్నపళంగా పొంగదు, గీకి పొడి చేసి వేయాలి.

కళింగపట్నం ఇసుకను సీసాలో పెట్టి 'అవక్షేప శిల' అని రాయకండి. అది ఇంకా అవక్షేపమే. లోతుగా పూడి, నొక్కుకుని, గింజల మధ్య సిలికానో సున్నమో ఇనుమో చేరి అతికితేనే ఇసుకరాయి. ఇసుక అంటే 0.0625 మి.మీ. నుంచి 2 మి.మీ. వరకున్న గింజలు, అంతకన్నా సన్నమైతే ఒండ్రు, బంక. ఆ తీరంలోని ఎర్రటి చారల్లో ఉన్నది గార్నెట్, మీ కొండల రాళ్లు అరిగి కొట్టుకొచ్చిందే.

నిపుణులకైనా తరగతి చెప్పడం ఎంత కష్టమో చూడాలంటే విజయనగరం జిల్లా కోడూరు పేరు మీదున్న కోడూరైట్ ఉంది. మాంగనీసు గనుల దగ్గర దొరికిన ఈ రాయిని భూగర్భశాస్త్రవేత్త ఎల్.ఎల్. ఫెర్మోర్ అగ్నిశిల అన్నారు. తర్వాతి పరిశోధకులు కొందరు, మాంగనీసు ఉన్న అవక్షేపాలు రూపాంతరం చెందినవని వాదించారు. మీ దగ్గర ముక్క ఉంటే చీటీ మీద రెండు అభిప్రాయాలూ రాయండి.

ఇక 'రాతి గోడ'యే సరి. చేయి, నేయి, నూయి సమాసంలో చేతి, నేతి, నూతి అయినట్టే రాయి 'రాతి' అవుతుంది: రాతి పిక్క, రాతి మెట్టు. 'శిల'తో కట్టేటప్పుడు సంస్కృత పదం చేర్చండి: శిలాద్రవం, శిలావరణం. శిలాజం అంటే రాతిలో నిలిచిన జీవి అవశేషం. దాన్ని శిలాద్రవం అన్న అర్థంలో రాసిన జవాబులకు మార్కు తగ్గించండి.