ముగ్గురున్న షాపుకి ఫ్రీ సీఆర్ఎం ఏది? మా వాటర్ ప్యూరిఫయర్ షాపులో ఏం జరిగిందంటే

మీరు అడిగింది ఇదీ: రాజమండ్రిలో ఇన్వర్టర్లు, బ్యాటరీల షాపు, మీతో కలిపి ముగ్గురు, ఆరు వందల పైచిలుకు కస్టమర్లు. డబ్బు కట్టకుండా వాడుకునే సీఆర్ఎం (కస్టమర్ల వివరాలు, వాళ్లతో జరిగిన మాటలు ఒకచోట రాసిపెట్టుకునే సాఫ్ట్‌వేర్) ఏది, ఎక్కడ వెతికినా అవే పది పేర్లు వస్తున్నాయి అని. నాది కాకినాడలో ఆర్ఓ వాటర్ ప్యూరిఫయర్ల షాపు. అమ్మకం కంటే సర్వీసే ఎక్కువ. సరుకు వేరైనా మనిద్దరి తలనొప్పి ఒకటేనండి. ఒకసారి అమ్మిన మనిషిని ఆరు నెలల తర్వాత గుర్తుపెట్టుకుని మనమే ఫోన్ చేయాలి. మనం చేయకపోతే ఇంకొకరు చేస్తారు.

చాలా ఏళ్లు మా సీఆర్ఎం అంటే కౌంటర్ మీద ఉండే పొడుగు పుస్తకమే. దానికి తోడు టెక్నీషియన్ల ఫోన్లలో సేవ్ అయిన నంబర్లు. ఒక కుర్రాడు మానేసి వెళ్లిన రెండు నెలలకి, రమణయ్యపేటలో ఒక పాత కస్టమర్‌కి మా ఆవిడ ఫిల్టర్ టైమ్ అయిందని ఫోన్ చేసింది. "అదేంటమ్మా, మొన్ననే మార్చారుగా, మీ కుర్రాడే వచ్చాడు" అన్నారు ఆ కస్టమర్. ఆ రోజు పుస్తకం ముందేసుకుని వరసగా ఫోన్లు చేస్తే అదే మాట ఇంకో పదిమంది దగ్గర వినిపించింది. కుర్రాడిని తప్పుపట్టి లాభం లేదు. కస్టమర్ ఎవరో, ఎప్పుడు ఏం మార్చామో వాడి ఫోన్‌లో ఉంది, మా దగ్గర లేదు.

ఆ కంగారులో ఎవరో చెప్పారని ఒక ఫ్రీ యాప్ ఎక్కించాం. పేరు అనవసరం. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒక రోజు పొద్దున చూస్తే, ఈరోజు ఎవరికి ఫోన్ చేయాలో చూపించే లిస్టు పెయిడ్ ప్లాన్‌లోకి వెళ్లిపోయింది. సరే, డేటా తీసుకుని బయటపడదాం అనుకుంటే ఎక్స్‌పోర్ట్ బటన్ మీద తాళం బొమ్మ! మూడు రాత్రులు షాపు కట్టేశాక కూర్చున్నాం. ఆవిడ ఒక్కో కస్టమర్‌ని తెరిచి చదవడం, నేను షీట్‌లో కొట్టడం. నాలుగు వందల పైన.

అందుకే ఏ సీఆర్ఎం అయినా ముందు డేటా బయటికి ఎలా వస్తుందో చూడమంటాను, లోపలికి ఎక్కించడం తర్వాత. మొదటి రోజే ఉత్తుత్తి పేర్లు పది వేయండి, ఒక్కొక్కరి కింద రెండు ముక్కలు నోట్ రాయండి, వెంటనే ఎక్స్‌పోర్ట్ కొట్టి ఆ ఫైలు తెరవండి. పేరూ నంబరూ మాత్రమే వచ్చి నోట్స్ రాకపోతే ఆ ఎక్స్‌పోర్ట్ సగమే. మనకి విలువైంది నోట్సే. "జీతాలు పడ్డాక ఫోన్ చేయమన్నారు" అన్న ముక్క నంబరు కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఎక్కించేటప్పుడు మేం పడ్డ గొయ్యి ఒకటి చెబుతాను, మీరు పడకండి. ఎక్సెల్‌లో 91తో కలిపి రాసుకున్న ఫోన్ నంబర్లన్నీ 9.19ఈ+11 అని మారిపోతాయి. అలాగే సీఎస్‌వీగా (సీఆర్ఎంలోకి ఎక్కించే సాదా ఫైలు) సేవ్ చేసి సీఆర్ఎంలో ఎక్కిస్తే అసలు అంకెలు పోతాయి. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాత నంబర్లు వేయండి. ఇక పేర్ల సంగతి. మా ఫోన్‌లో "వెంకట్రావు భానుగుడి", "వెంకట్రావు టైలర్", "వెంకట్రావు కొత్త" అని ముగ్గురున్నారు. కొత్త అన్నాయన మెషిన్ పెట్టించుకుని నాలుగేళ్లు. పేరుతో వెతికితే మన ఊళ్లలో తేలదు కాబట్టి ఫోన్ నంబరే గుర్తుగా పెట్టుకోండి. చాలా సీఆర్ఎంలలో "చివరి పేరు" తప్పనిసరి. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. మేం పూర్తి పేరు మొత్తం ఆ చివరి గడిలోనే వేసేస్తాం, మొదటి గడి ఖాళీ. ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు మీరు అడిగిన పేర్ల విషయానికి వస్తాను. ఇవి నేను రాస్తున్న నాటి లెక్కలు. ఈ కంపెనీలు ఫ్రీ ప్లాన్లు మారుస్తూనే ఉంటాయి కాబట్టి ధరల పేజీ మీరూ ఒకసారి చూసుకోండి. జోహో అనే కంపెనీది బిగిన్ అని చిన్న వ్యాపారాల కోసం ఒకటి ఉంది. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది కానీ ఫ్రీలో ఒక్కరికే లాగిన్, 500 రికార్డులే. మీరు ముగ్గురు, కస్టమర్లు ఆరు వందలు, రెండు రకాలుగానూ సరిపోదు. హబ్‌స్పాట్ ఒకప్పుడు ఫ్రీలో చాలా ధారాళంగా ఇచ్చేది. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకి ఇద్దరికే లాగిన్, వెయ్యి కాంటాక్టులు. అదే జోహో వాళ్ల జోహో సీఆర్ఎం ఫ్రీ ప్లాన్‌లో ముగ్గురు వాడుకోవచ్చు, మీకు సరిగ్గా కుదిరేది అదే. కాకపోతే నాలుగో మనిషి చేరితే ఆ ఒక్కరికి కాదు, నలుగురికీ కట్టాలి. బిట్రిక్స్24లో మనుషుల లెక్క లేదు, ఎంతమందైనా ఉండొచ్చు. కానీ తెరవగానే చాట్, టాస్కులు, క్యాలెండర్, వెబ్‌సైట్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. మా ఆవిడ రెండు నిమిషాలు చూసి ల్యాప్‌టాప్ మూసేసింది. ఓడూలో ఒక్క యాప్ వరకు ఫ్రీ. సీఆర్ఎం ఒక్కటే పెట్టుకుంటే పైసా లేదు. బిల్లింగ్ కూడా కావాలని ఇంకో యాప్ కలిపారా, మీటర్ మొదలవుతుంది.

సూట్‌సీఆర్ఎం, ఎస్పోసీఆర్ఎం లాంటి ఓపెన్ సోర్స్‌వి (కోడ్ అందరికీ తెరిచి ఉంచి, మన సర్వర్‌లో మనమే పెట్టుకునేవి) కూడా ఎవరో ఒకరు చెబుతారు. సాఫ్ట్‌వేర్ ఫ్రీయే, కాదనను. సర్వర్ అద్దె, బ్యాకప్, అప్‌డేట్లు మాత్రం మన నెత్తినే. ఇంట్లో కంప్యూటర్లు తెలిసిన పిల్లలుంటే ఆలోచించండి, అది కూడా వాళ్లు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాక ఎవరు చూస్తారో తేల్చుకుని.

వాట్సాప్ బిజినెస్ చాలదా అని మీ ప్రశ్న కింద ఒకరు అడిగారు. మేం ఏడాది దాంతోనే నెట్టుకొచ్చాం. లేబుళ్లు ఇరవై వరకు పెట్టుకోవచ్చు, ధర అడిగినవాళ్లకి రెడీగా రాసిపెట్టుకున్న జవాబు ఒక్క నొక్కుతో పోతుంది. బాగుంటుంది. కానీ లేబుల్ మనిషికి అంటుకుంటుంది, తేదీని గుర్తు చేయదు. ఒకే మెసేజ్ అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మందే, అందులోనూ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. ప్యూరిఫయర్ షాపు నంబరు ఎంతమంది సేవ్ చేసుకుంటారు చెప్పండి! సీఆర్ఎం నుంచి ఆటోమేటిక్‌గా వాట్సాప్ వెళ్లాలంటే దానికి వేరే అధికారిక పద్ధతి ఉంది, మెసేజ్‌ల మీద ఛార్జీ పడుతుంది. "ఫ్రీ సీఆర్ఎం, వాట్సాప్‌తో సహా" అని ఎవరైనా అంటే ఆ ఛార్జీ ఎవరు కడతారో అడగండి.

నిజానికి ఏ పేరు ఎంచుకున్నారన్నదాని కంటే అందులో ఎవరు కొడతారన్నది పెద్ద ప్రశ్న. మొదటి యాప్‌లో కంపెనీ పేరు, ఏ రంగం, ఎలా తెలిసింది అంటూ తొమ్మిది గడులు నింపితే కానీ సేవ్ అయ్యేది కాదు. మా టెక్నీషియన్ వంటింట్లో తడి చేతులతో నిలబడి, తర్వాతి ఇంటి నుంచి ఫోన్ మోగుతుంటే అవన్నీ ఎందుకు నింపుతాడు? ప్రతి గడిలో ఒక చుక్క పెట్టి సేవ్ కొట్టేవాడు. నెలాఖరుకి చూస్తే కంపెనీ పేరు చుక్క, రంగం చుక్క, రిమార్కులు చుక్క. "ఏంట్రా ఇది?" అంటే "ఎక్కించానుగా అన్నయ్యా" అన్నాడు. వాడన్నదీ నిజమే. ఇప్పుడు తప్పనిసరి గడులు మూడే ఉంచాం, మిగతాది వాడు వాయిస్ మెసేజ్ పెడితే మా ఆవిడ సాయంత్రం ఎక్కిస్తుంది.

అందుకని మీకు నా సలహా: ముందు రెండు నెలలు గూగుల్ షీట్‌లో నడపండి. ఫోన్ నంబరు, పేరు, వీధి, ఏ మోడల్, పెట్టిన తేదీ, మళ్లీ ఫోన్ చేయాల్సిన తేదీ, వాళ్లు అన్న మాట. ఇంతే. ఫోన్ చేయాల్సిన తేదీ ఈరోజుకి గానీ వెనక్కి గానీ ఉంటే గడి ఎర్రగా మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి, టుడే ఫార్ములాతో రెండు నిమిషాల పని. ముగ్గురూ రోజూ దాన్ని నింపుతున్నారా, అప్పుడు జోహోలోకి మారండి. మేం అలాగే మారాం. మూడు లాగిన్లు నాకు, మా ఆవిడకి, సీనియర్ టెక్నీషియన్‌కి. రెండో కుర్రాడికి లాగిన్ లేదు, ఆ రోజు వెళ్లాల్సిన ఇళ్లు ఆవిడ వాట్సాప్‌లో పంపుతుంది. షీట్ రెండో వారానికే నింపడం మానేస్తే సీఆర్ఎం కూడా మానేస్తారు, అందులో సందేహం ఏమీ లేదు. ఎక్స్‌పోర్ట్ మాత్రం మానను. ప్రతి నెల ఒకటో తారీఖున తీసి పెన్‌డ్రైవ్‌లో పెడతాను.

బ్యాటరీల షాపు కాబట్టి ఒక్క మార్పు. మా ఫిల్టర్లలా కాదు, మీ బ్యాటరీ వారంటీ కార్డు మీద 36+24 నెలలు అని రెండు ముక్కలుగా ఉంటుంది కదా. మొదటి ముక్కలో ఊరికే మార్చి ఇస్తారు, రెండో దాంట్లో వాడిన కాలాన్ని బట్టి తగ్గింపే. ఆ రెండు తేదీలూ రెండు వేరు కాలమ్‌లలో పెట్టండి. మొదటి తేదీకి నెల ముందే ఫోన్ చేసి "ఒకసారి బ్యాటరీ చెక్ చేయించుకోండి" అంటే ఆ ఇంట్లో ఇంకో షాపు నంబరు వెతకరు.