గుర్రబ్బండితో మొదలైన శాఖ

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లినప్పుడు రోడ్డు పనులు జరిగే చోటల్లా ‘కాల్‌ట్రాన్స్’ అన్న పేరు చూశాను. ఆ శాఖ ఎప్పటిదండీ?

జవాబు: కాల్‌ట్రాన్స్ అంటే కాలిఫోర్నియా రాష్ట్ర రవాణా శాఖ. పేరు 1973 నాటిదేనమ్మా, శాఖ మాత్రం ముసలిది. 1895లో ఆ రాష్ట్రం ‘బ్యూరో ఆఫ్ హైవేస్’ పెట్టి ముగ్గురు కమిషనర్లను వేసింది. వాళ్లు ఒక గుర్రబ్బండి కొనుక్కుని, దాదాపు 7,000 మైళ్లు తిరిగి రోడ్లు చూశారు. ఏసీ గదిలో మ్యాపు పరిచి గీతలు గీసే రోజులు కావు మరి! మరుసటి ఏడాది గవర్నర్‌కు నివేదిక ఇచ్చారు. డబ్బు మాత్రం వెంటనే రాలేదు. 1910లో ఓటర్లు 1.8 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నాక, 1912లో పని మొదలైంది.

నాకు బాగా నచ్చిన ముచ్చట ఇంకొకటుంది. 1917లో కాలిఫోర్నియాలోనే ఇండియో అనే ఊరి దగ్గర జూన్ మెక్‌కారల్ అనే డాక్టరమ్మ కారులో వెళ్తుంటే, ఎదురుగా వచ్చిన లారీకి దారిచ్చి రోడ్డు దిగిపోవాల్సి వచ్చింది. ఆవిడ ఊరుకోలేదు. తానే ఒక మైలు పొడవునా రోడ్డు మధ్యలో తెల్లగీత వేసింది. హైవే కమిషన్ దాన్ని ఒప్పుకోవడానికి 1924 దాకా పట్టింది. ఏడేళ్లు! అమెరికాలోనూ ఫైళ్లు అలాగే నడుస్తాయన్నమాట.

1940లో పాసడీనా, లాస్ ఏంజెలెస్ మధ్య అరోయో సెకో పార్క్‌వే అనే హైవే తెరిచారు. వీలైతే ఈసారి దాని మీద వెళ్లి రండి.