దూలానికి కట్టర్ పెట్టే ముందు

ఒరేయ్ చిన్నోడా,

పాత జీపుకి పెద్ద డీజిల్ ఇంజన్ ఎక్కిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో నీకొక్కడికైనా ఆ చెయ్యి వచ్చినందుకు సంబరపడ్డాను. సైలెన్సర్ పైపుకి ఛాసిస్, అదే బండి అడుగు చట్రం, అడ్డొస్తోందనీ, ఆటోనగర్‌లో ఎవరో గ్యాస్ కట్టర్‌తో దారి చేసిస్తానన్నాడనీ కూడా చెప్పింది. దాంతో సంబరం దిగిపోయింది. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అనేసి నీ పని నువ్వు చేసుకుపోతావు. అందుకే రాస్తున్నా.

ఇంజన్ మార్పుకి ఆర్టీవో అనుమతి ముందే తీసుకో. కొలతలు బండి చక్రాల మీద నిలబడి ఉండగానే తియ్యి. వెల్డింగ్ ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పు.

ఇక ఛాసిస్. బరువు పడినప్పుడు రెండు ఇరుసుల మధ్య నిలువు దూలం (బండి పొడవునా పోయేది) పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది. ఆ రెండంచుల్నీ కలిపే మధ్య రేకు మీద ఆ ఒత్తిడి తక్కువ. అంటే బలమంతా అంచుల్లోనే ఉంది. పైపుకి చోటు చాలక కింది అంచుని అర్ధచంద్రంలా కోయడం అందరూ చేసే తప్పు. సరిగ్గా సాగే చోటే గంటు పెట్టినట్టు. కట్టర్ వదిలిన గరుకులోంచి సన్నటి పగులు పుట్టి, గతుకు గతుక్కీ పైకి పాకుతుంది. బురద కింద కనపడదు కూడా. పట్టీ వేస్తే సరిపోతుందంటారు. ఆ పట్టీ చివర అడ్డంగా వెల్డ్ చేస్తే కొత్త పగులు అక్కడే మొదలవుతుంది.

పోనీ మధ్య రేకులో రంధ్రం చేస్తానంటావు. లెక్క వెయ్యి. రెండంగుళాల పైపు, చుట్టూ అరంగుళం ఖాళీ, మొత్తం మూడంగుళాల రంధ్రం. దూలం లోతు నాలుగంగుళాలైతే పైనా కిందా మిగిలేది అరంగుళమే. బుద్ధుందా?

పైపుని నిలువు దూలానికి లోపలి పక్కగా నడుపు. గేర్‌బాక్సు నుంచి ఇరుసుకి తిరిగే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి దూరంగా ఉంచు. గేర్‌బాక్సు కింది అడ్డదూలం బోల్టులతో బిగించినదైతే దాన్ని విప్పేసి, పైపు దగ్గర కమానులా వంచిన కొత్తది అదే మందం రేకుతో చేయించు. విప్పడానికి రాని అడ్డదూలమైతే, లోతు చాలినప్పుడే, డ్రిల్ కట్టర్‌తో గుండ్రంగా కోసి, పైపు కంటే అంగుళం పెద్ద దళసరి గొట్టాన్ని దూర్చి రెండు వైపులా చుట్టూ వెల్డ్ చెయ్యి.

పైపు ఎక్కడా ఛాసిస్‌కి తగలకూడదు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, అందుకే ఇంజన్ నుంచి వచ్చే మొదటి పైపు చివర బెల్లోస్, అంటే వంగే ముడతల గొట్టం, పెట్టాలి. ఇనప పైపు వేడికి సాగుతుంది కూడా. రెండు మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు. రబ్బరు హ్యాంగర్లు వెయ్యకుండా క్లాంపుతో బిగించేస్తే ఆ సాగుడు వెల్డింగుల మీద పడుతుంది. వెనక ఇరుసు బంప్ స్టాపర్‌కి (ఇరుసు ఇంకా పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేదాకా జాకీతో ఎత్తి చూడు. అప్పటికీ పైపుకీ ఇరుసుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. అంతా సరిపోయాక ట్యాక్ (అక్కడక్కడ చుక్క వెల్డింగ్) పెట్టి, కిందికి దించి బల్ల మీద పూర్తి వెల్డింగ్ చెయ్యి.

నాకు నిద్ర పట్టనివ్వనివి రెండున్నాయి. ఒకటి బ్రేకు పైపు. పక్కనే వేడి పైపు పోతే ఆయిల్ మరుగుతుంది, పెడల్ నేలకి దిగిపోతుంది. డీజిల్ పైపుకి రూల్ ప్రకారం కనీసం 35 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. నువ్వు మాత్రం రెండింటికీ నాలుగంగుళాలు వదిలి, మధ్యలో అడ్డురేకు పెట్టు. రెండోది పొగ. రూలు కూడా కిందికీ ఎడమకీ వదలొద్దంటుంది, వెనక్కో కుడికో పోవాలి. టాపు జీపు వెనక గాలి లోపలికి లాగుతుంది కాబట్టి పైపు మూతి బాడీ దాటి బయటికి రావాలి. వెనక సీట్లో కూర్చునేది నీ పిల్లలేరా. చిన్నప్పుడు స్కూటర్ సైలెన్సర్‌కి పిక్క కాల్చుకుని ఊరంతా వినపడేలా ఏడ్చావు, కనీసం ఆ మంట గుర్తుంది. ఈ పొగలోని విషానికి వాసన కూడా ఉండదు.

బిగించాక, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా మందపాటి గుడ్డతో పైపు మూతి కొద్దిసేపు మూసి, జాయింట్ల దగ్గర బుస్సుమంటుందేమో విను. అన్నట్టు, ఆ దూలం లోతెంతో, పైపు బయటి కొలతెంతో రేపు పొద్దున్నే కొలిచి పంపు. నేను చూసేదాకా కట్టర్ వెలిగించకు.

మీ పెదనాన్న