అన్నీ ఒకట్లే ఉన్న పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అవుతుందా?

111111 లాగా అన్నీ ఒకట్లే ఉంటే అది ప్రధాన సంఖ్యేనా అని అడిగారు. చాలావరకు కాదు. 111111 అయితే 3, 7, 11, 13, 37 అన్నింటితోనూ పోతుంది. ఈ సంఖ్యంటే నాకు ఇష్టం కలగడానికి మా మేనకోడలే కారణం.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లోనే మా వీధి. ఏటా వినాయకుణ్ని పెడతాం. ఓసారి లడ్డూ వేలంపాటలో ఏడుగురు కుర్రాళ్లు కలిసి 1,11,111 రూపాయలకు పాడుకున్నారు. డప్పుల మోతలో తలకెంతో తేలక ఒకడు ఫోన్ తీస్తున్నాడు. ఎనిమిదో తరగతి చదివే మా పిల్ల ఈలోగా చందా రసీదు పుస్తకం అట్ట మీద లెక్క మొదలుపెట్టేసింది. 111 పక్కన మళ్లీ 111 ఉందంటే, 111ని 1001తో గుణించినట్టే. 1001ని ఏడుతో భాగిస్తే 143. ఆ 143నే ఒక్కో స్థానం జరుపుతూ మూడు వరసలు వేసి కూడితే 15,873 వచ్చింది. "పైసా మిగల్దు మావయ్యా" అంది. కమిటీ పెద్దాయనేమో, పదహారుతో ముగిస్తే శుభం, 1,11,116 చెయ్యండర్రా అన్నారు. "అప్పుడు అయిదు రూపాయలు మిగిలిపోతాయి తాతగారూ" అని వెంటనే చెప్పింది. పాట 1,11,111కే ఖాయమైంది.

సంఖ్యను విడదీసి చూడటం ఆ పిల్లకు అలవాటు. ఇప్పుడు కోచింగుల్లో భాజనీయతా సూత్రాలన్నీ బట్టీ పట్టిస్తారు, అవి ఎందుకు పనిచేస్తాయని అడిగితే టైమ్ లేదంటారు. పిల్లలకు లెక్కలంటే టెన్షన్ పుట్టేది సరిగ్గా అక్కడే. బండికి ఫ్యాన్సీ నంబరు కోసం వేలకు వేలు పోసే తల్లిదండ్రులు కూడా ఆ నంబరు దేనితో పోతుందో పిల్లల్ని ఒక్కసారి అడగరు.

మీ ప్రశ్నకు వస్తే, ముందు ఒకట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఆరు ఉంటే రెండేసి చొప్పున విడగొట్టవచ్చు కాబట్టి 11తో పోతుంది, మూడేసి చొప్పున విడగొట్టవచ్చు కాబట్టి 111తోనూ పోతుంది. పదిహేను ఒకట్లున్నా ఇదే దారి. అందుకే ఒకట్ల లెక్క ప్రధాన సంఖ్య కాకపోతే మొత్తం సంఖ్య కూడా కాదు. లెక్క ప్రధాన సంఖ్యే అయినా నమ్మకం లేదు: 11111 అంటే 41×271, 1111111 అంటే 239×4649. రెండు ఒకట్ల 11 తర్వాత మళ్లీ ప్రధాన సంఖ్య తగిలేది పంతొమ్మిది ఒకట్ల దగ్గరే. ఆ తర్వాత ఇరవై మూడు, ఆపైన ఏకంగా 317. ఇలాంటివి అనంతంగా ఉన్నాయని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు.

పదకొండు ఒకట్లుంటే కచ్చితంగా ప్రధాన సంఖ్యే అనుకునేవాళ్లు కాగితం మీద 21649ని 513239తో గుణించి చూడండి.