డాలస్ వెళ్తున్న చెల్లికి

చెల్లీ,

నువ్వు పంపిన టికెట్ చూశాను. హైదరాబాదులో మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి, డాలస్‌లో అదే రోజు సాయంత్రం 4:45కి దిగుతారు. "పన్నెండు, పదమూడు గంటలేగా అక్కా" అన్నావు ఫోన్లో. అప్పటి నుంచి నా మనసు ఊరుకోవడం లేదు. మొదటిసారి నేనూ అచ్చం అలాగే లెక్కేసుకున్నాను.

టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. నీకు కనిపించే 12 గంటల 45 నిమిషాలకి ఆ పదిన్నర కలిపితే 23 గంటల 15 నిమిషాలు. దుబాయ్ దాకా 4 గంటలు, అక్కడ మూడుంబావు గంటలు కూర్చోవాలి, ఆ తర్వాత ఏకబిగిన 16 గంటలు గాల్లోనే. ఎయిర్‌పోర్టుకి ముందుగా వెళ్లడం, దిగాక ఇమ్మిగ్రేషన్ లైను కూడా వేసుకుంటే ముప్ఫై గంటలనుకో.

మేం పన్నెండు గంటలే కదా అని మీ బావగారి బీపీ, షుగర్ మాత్రలు ఒక్క పూటవే చేతిసంచిలో పెట్టుకుని, మిగతావి పెద్ద సూట్‌కేసులో సర్దేశాం. సగం దారిలో ఆయనకి కళ్లు తిరుగుతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోవడం తప్ప ఏం చెయ్యలేకపోయాను. ఆ రాత్రి ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి ఒక్కో పూట మాత్రలు ఒక్కో కాగితం పొట్లం కట్టి, పైన మన టైం రాసి, మూడు రోజులకి సరిపడా నా చేతిసంచిలోనే ఉంచుకుంటున్నాను. చేతి గడియారం డాలస్ చేరేదాకా మన టైం మీదే ఉంచుతాను. మరిదిగారి షుగర్ మందు తిండితో ముడిపడింది కాబట్టి, ఏ పూటది ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుగారిని ముందే అడిగి రాయించుకో.

దూరం సంగతి అడిగావు. గ్లోబు మీద మన ఊరి నుంచి డాలస్‌కి దారం లాగితే సుమారు 14,400 కిలోమీటర్లు. ఆ దారం ఉత్తర ధ్రువం పక్క నుంచే పోతుంది! నేరుగా విమానం లేదు కాబట్టి దుబాయ్ మీదుగా ఇంకో వెయ్యి ఎక్కువ. అయినా ఒక్కచోటే మారే టికెట్ తీసుకోవడం మంచి పనే. న్యూయార్క్ లాంటి చోట మళ్లీ మారాలంటే, అక్కడే ఇమ్మిగ్రేషన్ అయ్యి, సామాను తీసుకుని, మళ్లీ అప్పగించాలి. ఈ వయసులో ఆ పరుగులు వద్దు.

ఆ 16 గంటల్లో కదలకుండా కూర్చోకండి. రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు నడవండి, నీళ్లు తాగుతుండండి.

వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి గాల్లో ఓ గంట తగ్గొచ్చు, కానీ తేదీ ముందుకి పోతుంది. సోమవారం మధ్యాహ్నం అక్కడ ఎక్కితే ఇక్కడ దిగేది మంగళవారం రాత్రో, బుధవారం తెల్లవారుజామునో. కారు ఆ రోజుకే చెప్పుకోవాలి. నవంబరు మొదటి ఆదివారం దాటాక వాళ్ల గడియారం ఓ గంట వెనక్కి పోతుంది, అప్పుడు తేడా పదకొండున్నర.

చేరగానే నాకు ఫోన్ చెయ్యి. అమ్మాయి ఇంటికి వెళ్లేసరికి ఏడవుతుంది, ఇక్కడ బుధవారం తెల్లవారి ఐదున్నర. నేను లేచే ఉంటాను.

మీ అక్క