కౌంటర్ వెనక నిలబడే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. నీకు ఇక్కడ కెనడాలో, ఒంటారియో ఫార్మసిస్టు లైసెన్స్ వచ్చిందని, వచ్చే నెల బ్రాంప్టన్‌లో చేరుతున్నావని, చిన్న చిన్న జబ్బులకు ఇక నువ్వే మందులు రాస్తావని చెప్పింది. ఎంత సంతోషమేసిందో! కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నీతో ఫోన్లో చెబితే ఏడ్చేస్తానని ఇలా రాస్తున్నాను.

మందులు రాసే ముందు చదవాల్సిన ఓరియంటేషన్ మాడ్యూల్ పూర్తి చేయనిదే ఒక్క ప్రిస్క్రిప్షన్ కూడా రాయకు. ఫార్మసిస్టులు మందులు రాయడం 2023 జనవరిలో 13 జబ్బులతో మొదలై, అక్టోబర్‌లో ఇంకో 6 కలిశాయి. అన్నీ ఒకేసారి మీదేసుకోకు, నెలకు రెండు పట్టుకో. ఇప్పుడు వేసవి కదా, టిక్ కాటుతో మొదలుపెట్టు. అదే మన పిడుదు. కరిచింది నల్లకాళ్ల రకం పిడుదేనా, 24 గంటలు పట్టుకుని ఉందా, తీసేసి 72 గంటలు దాటలేదా అని చూశాకే, లైమ్ జబ్బు రాకుండా ఇచ్చే డాక్సీసైక్లిన్ సంగతి. మూత్రంలో మంట అని వచ్చినావిడకి జ్వరం ఉందేమో, కడుపుతో ఉందేమో అడుగు. రాసిన ప్రతిదీ వాళ్ల ఫ్యామిలీ డాక్టర్‌కి తెలియజెయ్యి. ఇవన్నీ నువ్వు చదువుకునేవే. నా భయం వీటి గురించి కాదు.

మాకింకా రాసే అధికారం లేని రోజులవి. మిసిసాగాలో ఒక షాపులో చేస్తున్నాను. శుక్రవారం సాయంత్రం, కౌంటర్ ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. ఒక స్టూడెంట్ వచ్చాడు. కుడి కన్ను ఎర్రబడి నీరు కారుతోంది. నా బ్యాడ్జి మీద పేరు చూసి "ఆంటీ, మీరు తెలుగా?" అన్నాడు. అంతే, నాకు ఒళ్లు తెలియలేదు. ఏ ఊరు బాబూ అన్నాను. నరసరావుపేట అన్నాడు. వంట ఎవరు చేస్తారు, చలి అలవాటైందా, అమ్మ ఎలా ఉంది, అన్నీ అడిగాను. కన్ను గురించి అడిగింది రెండే: ఎప్పటినుంచి, పుసి కడుతోందా. కండ్లకలకే అనుకుని, చీటీ లేకుండా దొరికే యాంటీబయాటిక్ చుక్కలు చేతిలో పెట్టి పంపించాను.

వాడు కళ్లద్దాలు పెట్టుకున్నాడమ్మా. ఒక కాడ వంగిపోయి ఉంది. అలవాటు లేనివాడిలా మాటిమాటికీ వేలితో పైకి తోసుకుంటున్నాడు. షాపు లైట్లకి కన్ను చికిలిస్తున్నాడు. రోజూ పెట్టుకునేవి కాంటాక్ట్ లెన్సులు. కన్ను నొప్పి పుట్టి, ఆ రోజు పాత అద్దాలు తగిలించుకున్నాడు. "లెన్సులు వాడతావా?" అని ఒక్క మాట అడిగుంటే అప్పుడే కంటి డాక్టర్ దగ్గరికి పంపేదాన్ని. నాలుగో రోజు వాడి రూమ్మేట్ వచ్చి చెప్పాడు, కార్నియా మీద, అదే నల్లగుడ్డు మీది పొర మీద, పుండు పడిందని. పుండు మానింది, మచ్చ మిగిలింది. ఆ కంటికి చూపు మునుపటిలా రాలేదు. తర్వాత కలిస్తే నన్ను పల్లెత్తు మాట అనలేదు. "ఆ వారమంతా నాతో ప్రేమగా మాట్లాడింది మీరొక్కరే ఆంటీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మోయలేకపోతున్నాను.

నీకూ మనసు మెత్తన. మాటల్లో పడితే పని మర్చిపోతావు, చిన్నప్పటినుంచీ అంతే. మనవాళ్లు అక్కా అంటూ వస్తారు, ఊళ్లో మందుల షాపుకి వచ్చినట్టే వస్తారు. తాతయ్య షాపు గుర్తుందా? జ్వరానికి రెండు మాత్రలివ్వండి అంటే, చీటీ ఏదీ అనేవాడు. వాళ్లు పక్క షాపుకి పోయేవాళ్లు. పోయిన బేరం చూసి నాకు తాతయ్య మీద కోపమొచ్చేది. నువ్వు మందు రాసినా రాయకపోయినా, పేషెంటుని చూసినందుకు షాపుకి ప్రభుత్వమిచ్చేది అదే 19 డాలర్లు. ఇక్కడ కుదరదు, డాక్టర్‌కి చూపించండి అనడానికి మొహమాటపడకు. మేనేజర్ తొందరపెడితే నాకు ఫోన్ చెయ్యి.

ఫార్మసిస్టులు ఏడాదికి ఇన్ని గంటలు చదవాలనే లెక్క ఇక్కడ ఒంటారియోలో లేదు. నేర్చుకున్నది నీ లెర్నింగ్ పోర్ట్‌ఫోలియోలో నువ్వే రాసుకోవాలి. దాన్ని వెబినార్ల పేర్లతో నింపకు తల్లీ. మందు రాసినవాళ్లకి రెండో రోజో మూడో రోజో ఫోన్ చేసి, నీ అంచనా ఎక్కడ తప్పిందో రాసుకో. నేనా అబ్బాయి నంబర్ కూడా తీసుకోలేదు.

ఆదివారం పెదనాన్నా నేనూ వస్తున్నాం. నువ్వు ఫార్మసిస్టువి, నేను ఎర్ర కన్నుతో వచ్చిన పేషెంటుని. ఏమేం అడుగుతావో చూస్తాను. ఏ ఊరు అని మాత్రం చివర్లో అడుగు.

మీ పెద్దమ్మ