అడవిలో పెరిగిన బాల్డ్ సైప్రస్ చెట్టుని వేర్లు కోసి తెస్తే బోన్సాయ్‌గా బతుకుతుందా?

బతుకుతుంది, తవ్వే సమయం కుదిరితే. సూదాకుల జాతే అయినా ఇది చలికాలంలో ఆకు రాల్చేస్తుంది. మొగ్గలు ఉబ్బకముందే తవ్వాలి. ఇది సహజంగా పెరిగే అమెరికాలోని లూసియానా చిత్తడి నేలల్లో అయితే జనవరి, ఫిబ్రవరి. స్థలం యజమాని అనుమతి తప్పనిసరి.

మొదలు వెడల్పుగా, గాడులు పడి ఉన్న చెట్టునే ఎంచుకోండి. ఎత్తు చూసి మోజుపడకండి, పైభాగం ఎలాగూ కోసేస్తాం. బురదలోకి చెయ్యి పెట్టి తడిమితే వేర్లు ఎక్కడ విచ్చుకున్నాయో తెలుస్తుంది. అక్కడికి కాస్త దూరంగా రంపంతో కోయండి. బురదలో రంపం పళ్లు ఇట్టే మొద్దుబారతాయి, పాత బ్లేడ్లు రెండు మూడు పట్టుకెళ్లండి.

తెచ్చాక బురద కడిగి, అడుగు సమంగా కోసి, కుండీలో కదలకుండా వైరుతో బిగించండి. చెట్టు ఊగితే లేత వేర్లు తెగిపోతాయి. నీళ్లు ఎక్కువైతే ఎలా అన్న టెన్షన్ వద్దు, కుండీని నీళ్ల టబ్బులో ఉంచినా దీనికి హాయే.

వసంతంలో మాను మీదే పచ్చటి చుక్కల్లా చిగుళ్లు పొడుస్తాయి. అప్పుడే సంబరపడకండి. అవి మానులో దాచుకున్న శక్తితో వచ్చినవి, వేర్లు పట్టాయని కాదు. ఆ ఏడాది కత్తెర ముట్టుకోకండి.